పెర్లా బోబె చెంచా

మే నెలలో ఆ రోజు వచ్చిందంటే పెర్లా బోబె బార్లీ సూపు కాచుకుని మ్యూజియంకి తెస్తుంది. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాజీల క్యాంపు నుంచి బయటపడింది ఆ రోజునే. బోబె అంటే యూదుల యిద్దిష్ భాషలో అమ్మమ్మ; ఇక్కడ అందరం ఆవిడని అలాగే పిలుస్తాం. మ్యూజియంలో గురువారాలు పనిచేసే మా బృందమంతా వెనక గదిలో పొడుగు బల్ల చుట్టూ చేరతాం. అద్దాల పెట్టెలోంచి ఆవిడ చెంచా తీసి చేతికిస్తాం. ఆ చెంచాతోనే ఆవిడ సూపు తాగుతుంది. తర్వాత దాన్ని కడిగి మళ్లీ పెట్టెలో పెట్టేస్తాం. నేను మా పల్లె వదిలి బ్యూనస్ ఐరిస్ వచ్చి ఈ బృందంలో చేరకముందు నుంచీ ఇదే పద్ధతి.

బృందంలో ఉన్నవాళ్లందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే. కొందరు క్యాంపుల్లో బతికి బయటపడ్డవాళ్లు, కొందరు అలాంటివాళ్ల పిల్లలు. స్కూలు పిల్లలు వస్తే దగ్గరుండి అన్నీ చూపిస్తారు, అడిగినవాటికి జవాబు చెప్తారు. నేను మాట్లాడేది తక్కువ. అందుకని అద్దాలు తుడిచే పని నాకిచ్చారు. పెట్టెల తాళాలు నా దగ్గరే ఉంటాయి.

ఈ ఏడు లిసాండ్రో వచ్చాడు. మ్యూజియంలోని పాత వస్తువులు పాడవకుండా చూడటం అతని పని. మంచివాడు, పనంటే ప్రాణం పెడతాడు. సూపు రోజుకి ముందురోజు నన్ను పిలిచి, చెంచాని దీపం కింద పెట్టి చూపించాడు. మెడ దగ్గర వెంట్రుకంత సన్నటి పగులు.

"చూశావా నొయెమీ? ఇంకొక్కసారి వేడి సూపులో ముంచితే ఇది రెండు ముక్కలే. ఇక దీన్ని ఎవరడిగినా ఇవ్వకు. నీ మీద నమ్మకంతో చెప్తున్నా."

నేను తలూపాను. తలూపడం నాకు అలవాటు.

మర్నాడు, పెర్లా బోబె లాగే క్యాంపు నుంచి బయటపడ్డ నతాలియో తాత టాక్సీలోంచి సూపు గిన్నె దింపుకుని, రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"ఇందులో సూపు పోశావా పెర్లా, సిమెంటు పోశావా?"

"పళ్లు లేని నోటికి ఏదైతేనేంలే. జాగ్రత్త, ఒలికిందంటే నీ కోటుతోనే తుడిపిస్తా."

అందరికీ సూపు వడ్డించారు. పెర్లా బోబె నా వైపు చెయ్యి చాచింది. నేను కదల్లేదు. లిసాండ్రో ముందుకు వచ్చి, మెత్తటి గుడ్డలో చుట్టిన చెంచా ఒకటి ఆవిడ ముందు పెట్టాడు.

"పెర్లా గారూ, మీ చెంచా పగులు పట్టింది. అందుకని అచ్చం అలాంటిదే చేయించాను. ఆ వంకర కూడా అలాగే వచ్చింది, చూడండి."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగానే చేయించావు. ఎవరిదిది?"

"మీదే."

"నాది పెట్టెలో ఉంది కదా అబ్బాయ్."

"విరిగిపోతుందమ్మా. నా మాట వినండి."

"నువ్వు నా మాట విను. మాకు గిన్నె ఇచ్చారు, చెంచా ఇవ్వలేదు. ఎందుకనుకున్నావ్? కుక్కల్లాగా మూతి ముంచి తాగాలని. రెండ్రోజుల రొట్టె ఇచ్చేసి నేనా చెంచా కొనుక్కున్నా. మా అక్క నెత్తి కొట్టుకుంది, తిండి లేక చస్తావే పిచ్చిదానా అని. చస్తే మనిషిలాగే చస్తానన్నా. దాన్ని కొన్నది తినడానికి. అద్దంలో పెట్టి చూసుకోడానికి కాదు."

"విరిగితే రేపు పిల్లలకి ఏం చూపిస్తాం?"

"విరిగిందే చూపించండి. తింటుంటే విరిగిందని చెప్పండి."

ఆవిడ గిన్నె పక్కకి జరిపి చేతులు కట్టుకుంది. నతాలియో తాత అప్పటికే చెంచా నోటిదాకా తెచ్చాడు. ఒక్క క్షణం సూపు వంక బాధగా చూసి, తనూ గిన్నె జరిపేశాడు. ఆ వెనకే బల్ల చుట్టూ ఉన్న గిన్నెలన్నీ మధ్యకి జరిగాయి.

"చిన్నపిల్లల్లాగా ఏంటండీ ఇది? ఆకలితో ఎంతసేపు కూర్చుంటారు?" అన్నాడు లిసాండ్రో.

నతాలియో తాత పకపకా నవ్వాడు. "ఆకలి అని మమ్మల్ని బెదిరిస్తున్నావా నాయనా? ఎవర్ని బెదిరిస్తున్నావో కాస్త చూసుకో!"

లిసాండ్రో ముఖం ఎర్రబడింది. సూపు మీద ఆవిరి తగ్గింది. పైన మీగడలాంటి పొర కట్టింది. పెర్లా బోబె ఎవర్నీ బతిమాలలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. బల్ల మీద ఆనించిన ఆవిడ కుడిచెయ్యి మాత్రం చెంచా పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంది.

నేను లేచాను. హాల్లోకి నడుస్తుంటే వెనకాల లిసాండ్రో బూట్ల చప్పుడు వినిపించింది.

"వద్దు నొయెమీ. నీకు నిన్ననే చెప్పాను."

"చెప్పారు."

"తలూపావు కూడా."

"ఊపాను. ఇప్పుడు ఊపట్లేదు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తాళం తిప్పాను. అతను కావాలనుకుంటే అద్దానికి అడ్డం నిలబడగలడు. నిలబడలేదు.

చెంచా రెండు చేతులతో పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. ఎవరో సూపు వేడి చేసి తెస్తానని లేచారు.

"వద్దు, చల్లగానే బాగుంది," అంది పెర్లా బోబె. తర్వాత లిసాండ్రోతో అంది, "నీ గొడవ మూలంగా చల్లారిందిలే. ఇక దానికేం కాదు. రా, కూర్చో."

అతను ఎదురుగా కూర్చున్నాడు. చెంచా గిన్నెలోకి దిగినప్పుడల్లా ఊపిరి బిగపట్టి దాని మెడ వంకే చూశాడు. ఆవిడ తొందరపడలేదు. గింజ గింజా నమిలింది. గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాక చెంచా తిరగేసి, వీపు వైపు కూడా నాకేసింది. పగులు అలాగే ఉంది. చెంచా విరగలేదు.

లిసాండ్రో దాన్ని తనే కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి, నా ముందు చెయ్యి చాచాడు.

"తాళాలు ఇచ్చెయ్."

ఇచ్చేశాను.

"మంచిది. అయితే వచ్చే ఏడు నువ్వే తెరవాలన్నమాట," అంది పెర్లా బోబె అతనితో.

"తెరవనండి."

"చూద్దాం."

గిన్నెలు కడుగుతూ నేను ఆవిడ పక్కకి జరిగాను.

"బార్లీ ఎంతసేపు నానబెట్టాలి బోబె?"

ఆవిడ కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది.

"ఏమే, అప్పుడే నా గరిటె లాక్కుంటావా? నేనెక్కడికీ పోవట్లేదు. ముందురోజే నానబెట్టాలి." ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టింది. "ఉల్లిపాయలు తరగడానికి మాత్రం రా. కళ్లు మండుతున్నాయి నాకు."