దాని నడుము ఇరవై ఎనిమిది

తడి.

చొక్కా భుజాల మీద, కాలరు మీద, వేళ్ళకి తెలిసేంత తడి... వాన లేదు. చాలా రోజులుగా ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా అతని చొక్కా తడిసి ఇంటికి వచ్చింది.

చెమట కాదు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చెమటకి ఉప్పు వాసన ఉంటుంది. దీనికి ఉప్పు లేదు. దాని బదులు ఇంకేదో ఉంది — కాలిన జిగురు వాసన.

ఆమె దర్జీ. బట్ట ఆమెతో అబద్ధం చెప్పదు. మోచెయ్యి అరిగితే బల్లకి ఆని కూర్చున్నాడని, మోకాలు సాగితే నేల మీద కూలబడ్డాడని, చూడగానే చెప్పేస్తుంది. కానీ వాన లేని రోజున తడిసిన భుజాలని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"ఎక్కడ తడిశారు?"

"ఆ... బయట."

బయటట! ఇల్లు దాటితే ఊరంతా బయటే.

అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబెడతాడు. నోట్లో నాలుక లేని మనిషి. పొగడడు, తిట్టడు, పూలు తేడు, పోట్లాట పెట్టుకోడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి అతని మీద ఉన్న ధీమా ఒక్కటే — దుకాణం మూయగానే నేరుగా ఇంటికి వస్తాడు.

ఇప్పుడు అదీ లేదు.

కూర చల్లారిపోయాక వస్తున్నాడు. తడి భుజాలతో వస్తున్నాడు. వచ్చి, తనలో తాను ఏదో లెక్క వేసుకుంటూ తింటున్నాడు. ఏం తిన్నారని అడిగితే చెప్పలేడు.

ఒక సాయంత్రం ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఇంట్లో పలకలేని మాటలే కదా పెరట్లోకి వెళ్ళేది. ఆమె మిషను తొక్కడం ఆపలేదు. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి... సూదిలో దారం లేదు. కింద బట్ట లేదు. చెవులు మాత్రం పెరట్లో ఉన్నాయి.

"లేదు మాస్టారూ... చీకటి పడితే చాలు, దాని కన్ను చెమ్మగిల్లుతోంది. తుడిస్తే మళ్ళీ అంతే. అది ఏడుపు మొదలెట్టిందంటే ఆ పూటకి ఇంక అంతే సంగతులు... అవునవును, చుట్టూ ఏదైనా చుట్టి కాస్త వెచ్చగా ఉంచితే ఊరుకుంటుందేమో... అబ్బే, ఇంట్లో చెప్పలేదండీ."

మాస్టారంటే అతనికి చిన్నప్పుడు సైన్సు చెప్పిన పెద్దాయన. మోకాళ్ళు అరిగిపోయి మంచం దిగడు. అంత పెద్దమనిషిని కూడా ఇందులోకి లాగాడు!

అది. దాని కన్ను. ఊరుకుంటుంది.

ఈ భాష చేసిన వాళ్ళలో ఎవరిని నిలదీయాలో ఆమెకి తెలియలేదు. మగవాడికి విడిగా ఒక మాట. ఆడదానికీ అటక మీది సామానుకీ కలిపి ఇంకొక మాట. వచ్చింది అంటే ఆడమనిషి కావచ్చు, బస్సు కావచ్చు. పోయింది అంటే మేనత్త కావచ్చు, కరెంటు కావచ్చు.

ఏడ్చింది అంటే?

బస్సు ఏడవదు. కరెంటు ఏడవదు.

ఆ క్షణాన ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మిషను చప్పుడు ఆగేసరికి పెరట్లో మాటలు కూడా ఆగిపోయాయి.

మర్నాడు నల్లగుడ్డ తెచ్చాడు.

"ఒక పట్టీ కుట్టి పెట్టవా? లోపల బోలుగా ఉండాలి. ఒక చివర మూయకు."

"పొడవెంత?"

"ఇరవై ఎనిమిది అంగుళాలు. చుట్టూ అతుక్కుని ఉండాలి, జారకూడదు."

"ఎవరికి?"

అతను నవ్వాడు. ఈ మధ్య ఇంట్లో ఎవరూ చూడని నవ్వు.

"ఉందిలే."

ఉందిలే... ఇరవై ఎనిమిది అంటే ఏమిటో దర్జీకి చెప్పాలా? అది నడుము. పిల్లల్ని కనని నడుము. ఆమెకీ ఒకప్పుడు ఉండేది, పెళ్ళినాటి కొలత. ఇప్పుడు ముప్పై ఎనిమిది. మిగతా పది అంగుళాలూ ఈ ఇంట్లోనే, ఇతనికి వండిపెడుతూనే సంపాదించుకుంది.

కుట్టను పొమ్మంటే పోయేది. కానీ కుట్టకపోతే అది ఎవరి ఒంటి మీదికి చేరుతుందో ఎలా తెలుస్తుంది?

కుట్టింది.

ఏడవలేదు. కోపంగా ఉంది. నల్లగుడ్డ మీద నల్లదారం పరుగెత్తింది. లోపలి అంచున మాత్రం, చూసినా కనబడని చోట, ఎర్రదారంతో చిన్న కుట్టు ఒకటి వేసింది. ఏ నడుముకి ఉన్నా తన చేతిపని తనకి తెలియాలి. అతను తనవాడో కాదో తెలియాలి. ఆమెకి కావలసింది అంతే. తెలిశాక ఏం చేయాలో తరవాత చూసుకోవచ్చు.

ఆ వారమే చొక్కా ఉతకబోతే జేబులో పూసలు దొరికాయి. గింజంత పూసలు. ఒంటి మీద రంగురంగుల గీతలు. బెజ్జాలు లేవు, రెండు పక్కలా సన్నటి తీగ కాళ్ళున్నాయి. పూసలకి కాళ్ళేమిటి? ఏమో... ఈ కాలం సోకులు ఎవరికి తెలుసు? నడుముకి పట్టీ, పట్టీలో పూసలు. అంటే వడ్డాణం. ఇన్నేళ్ళలో ఆమెకి ఒక జత గాజులు తేవాలన్న ఆలోచన రాని మనిషి, ఇంకెవరికో వడ్డాణం తయారుచేస్తున్నాడు.

పూసలు మళ్ళీ జేబులోనే పెట్టింది. చొక్కా ఉతకలేదు.

ఆ తరవాత వీధిలో ఆమెకి ముఖాలు కనబడడం మానేశాయి. నడుములే. పాలు పోసే ఆవిడది ముప్పై నాలుగు. మందుల షాపులో పిల్లది పాతిక, మరీ పుల్ల. ఎదురింటి టీచరమ్మది నలభై రెండు... పాపం, ఆవిడ నిర్దోషి.

కళ్ళజోళ్ళ దుకాణానికీ వెళ్ళింది. తలనొప్పి, చూపు చూపించుకోవాలని వంక.

కౌంటరు దగ్గర అమ్మాయి లేచి నిలబడింది. టేపు అక్కర్లేదు. ఇరవై ఎనిమిది.

నోట్లో నువ్వుగింజ నానని పిల్ల. గుమ్మంలో కనబడితే చాలు, ఊరి కబుర్లన్నీ ఒళ్ళో పోసేది. ఆ రోజు మాత్రం బిల్లుల పుస్తకం సర్దుకుంటూ తల దించుకుంది. ఒకప్పుడు అతన్ని అన్నయ్యగారూ అనేది, గట్టిగా, దుకాణమంతా వినబడేలా.

"ఆయన లోపల ఉన్నారక్కా."

ఆయన.

ఆ మాట ఆమెది. ఏళ్ళ తరబడి వాడి వాడి అరగదీసుకున్న మాట. ఆయన తిన్నారు, ఆయన పడుకున్నారు, ఆయనకి పడదు. దాన్ని ఎవరో అడగకుండా తీసి తొడుక్కున్నట్టయింది. ఆమె ఆ పిల్ల నడుము వంక మళ్ళీ చూసింది. ఎర్రదారం కనబడలేదు. కనబడేట్టు ఎవరు కట్టుకుంటారు?

ఆ సాయంత్రం అతను రాలేదు. కూర చల్లారింది. ఆమె మిషనుకి మూత పెట్టి, చెప్పులు వేసుకుని బయలుదేరింది.

దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళింది. కౌంటరు దగ్గర ఎవరూ లేరు. సానబెట్టే గది చీకటిగా ఉంది. వెనక ఇనప మెట్లు — చెయ్యి వేస్తే కమ్మీ తడి.

అదే తడి...

పైకి ఎక్కింది. ఎవరినో ఒకరిని జుట్టు పట్టుకుని కిందికి ఈడవాలని, ఎవరూ ఉండకూడదని, రెండూ ఒక్కసారే కోరుకుంది.

డాబా మీద అతను ఉన్నాడు. ఒక్కడే.

అతని ముందు, మూడు కాళ్ళ మీద, లావుపాటి గొట్టం ఆకాశం వైపు మూతి ఎత్తి ఉంది. ఆ మూతి చుట్టూ నల్లపట్టీ. ఆమె దగ్గరికి వెళ్ళి, అతన్ని పలకరించకుండానే, పట్టీ లోపలి అంచు వేలితో తిప్పి చూసింది. ఎర్రదారం ఉంది.

టెలిస్కోపు. ఇరవై ఎనిమిది అంగుళాల సవతి ఒక ఇనప గొట్టం!

నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. అతను కంగారు పడి, ఎప్పుడూ లేనిది, గడగడా మాట్లాడడం మొదలుపెట్టాడు.

"మాస్టారిది ఇది. అటక మీద పడుంటే తెచ్చి బాగుచేశా. చీకటి పడగానే మంచు పట్టేస్తోంది, అద్దం మసకబారిపోతోంది. దీనికి కట్టే వేడిపట్టీ బయట కొంటే బోలెడవుతుంది. అందుకని రేడియోలోంచి తీసిన ఈ రంగు గీతల ముక్కలన్నిటికీ వరసగా టంకం వేసి, నీ పట్టీలోకి దూర్చి, పాత స్కూటర్ బ్యాటరీకి తగిలించా. ఎక్కువ వేడి పనికిరాదు తెలుసా, చుక్కలు వణుకుతాయి. గాలికన్నా ఒక్క పిసరు వెచ్చగా ఉంటే చాలు. వెచ్చగా ఉన్నదాని మీద మంచు కూర్చోదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావని."

నిజమే. నవ్వేది. ఆమె మనసు దూదిలా తేలికపడింది. ఇన్నాళ్ళూ మోసిన బరువంతా ఎక్కడ దించుకోవాలో తెలియక, గొట్టానికి కన్ను ఆనించింది.

చిన్న చుక్క. పసుపుపచ్చగా. చుట్టూ ఉంగరం... ఇంత చిన్నదానికి అంత ఉంగరమా! ఎంత బావుంది! ఇది చూడడానికా ఇతను భుజాలు తడుపుకున్నది? ముందే చెబితే తను శాలువా కప్పి పంపేది కదా. ఆమెకి అతని మీద చాలా రోజుల తరవాత ప్రేమ పుట్టింది.

"వంగి ఎంతసేపు చూస్తావు, కూర్చో," అన్నాడు.

ఆమె తల తిప్పింది.

డాబా అంతా తడిసి ఉంది. పిట్టగోడ తడి. నీళ్ళ ట్యాంకు మూత తడి. బ్యాటరీ మీద కప్పిన పేపరు తడి. అతని భుజాలు తడి.

రెండు స్టూళ్ళు ఉన్నాయి.

రెండూ పొడిగా ఉన్నాయి.

"ఈ రెండోది ఎవరిది?"

"నీదే. ఏదో ఒక రోజు వస్తావని వేసి ఉంచుతున్నా. ఇప్పుడే తుడిచా."

ఎంత మంచి మాట! పెళ్ళయినప్పటినుంచి ఇంత మంచి మాట అతని నోట్లోంచి రాలేదు. నమ్మితే ఎంత హాయిగా ఉంటుందో ఆమెకి తెలుసు. నమ్మాలనే ఉంది. ఆ మాటని అలాగే తీసుకుని, స్టూలు మీద కూర్చుని, ఆ ఉంగరాన్ని మళ్ళీ చూడాలనే ఉంది.

కానీ వెచ్చగా ఉన్నదాని మీద మంచు కూర్చోదు. చెప్పింది అతనే.

ఆమె కూర్చోలేదు. వంగి, రెండో స్టూలు మీద అరచెయ్యి ఆనించింది.

వెచ్చగానే ఉంది... ఆ వెచ్చదనం చెక్కదా, తన చేతిదా?

"ఏమైంది?" అన్నాడు అతను.

ఆమె చెయ్యి తీయలేదు. ఎంతసేపు ఉంచితే అంత వెచ్చబడుతోంది.