వెనక ఎవరూ లేరు

ఎదురింటావిడ ఇస్త్రీ ఆవిడతో అందట. ఇస్త్రీ ఆవిడ పక్కవీధిలో ఉండే దూరపు చుట్టంతో అందట. ఆ చుట్టం కడుపులో దాచుకోలేక ఆయన అక్కకి ఫోను చేసి చెప్పింది: "మీ తమ్ముడికి ఈ వయసులో కొండల పిచ్చి పట్టిందట. ఆదివారం వస్తే చాలు, నిక్కరు తగిలించుకుని కుర్రాళ్ళ వెంట సైకిలు మీద పోతాడట. మొన్న మోకాలు చీరుకుపోయి వచ్చాడట. అందులో ఆడపిల్లలు కూడా ఉంటారట, మనకెందుకులెండి." మనకెందుకులెండి అన్నాక కూడా ఇంకో పావుగంట చెప్పింది.

దాంతో అక్క శుక్రవారం బస్సుకే సంచీతో సహా దిగిపోయింది.

ఆయన కట్టుడుపళ్ళు చేసే మనిషి. డాక్టరు కాదు. డాక్టరుగారి క్లినిక్ వెనక గదిలో కూర్చుని మైనం కరిగించి, అచ్చు పోసి, గులాబీరంగు చిగుళ్ళలో పళ్ళు అమర్చి, అరగదీసి మెరుగు పెడతాడు. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు నవ్వేది ఆయన చేసిన నవ్వే. వాళ్ళలో ఒక్కరికీ ఆయన మొహం తెలీదు. ఆయనకీ వాళ్ళ చిగుళ్ళే తెలుసు, మొహాలు తెలీవు. పెళ్ళి వచ్చే ఏడు చేసుకుందాం, వచ్చే ఏడు చేసుకుందాం అనుకుంటూ చివరికి ఆ సంగతే మరిచిపోయాడు.

అక్క గదిలోకి వస్తూనే గోడవారగా ఆనించి ఉన్న సైకిలును ఎగాదిగా చూసింది.

"ఇదేంట్రా, మంచం కంటే దీనికే ఎక్కువ చోటిచ్చావు?"

"దానిమీద తడిబట్టలు ఆరెయ్యకే అక్కా."

"ఆరేస్తే ఏం, అరుస్తుందా?" అంటూనే తువ్వాలు ఆరేసింది. "మా ఇంటికి వచ్చెయ్యరా. మేడమీద గది ఖాళీగా పడుంది. మీ బావ పొద్దస్తమానం టీవీతో పోట్లాడుతుంటాడు. నువ్వొస్తే మనిషితో పోట్లాడినట్టు ఉంటుంది ఆయనకి."

"మీ గుమ్మం ముందే లారీల రోడ్డు. అక్కడ సైకిలు ఎక్కడ తొక్కను?"

"అమ్మి పారెయ్యి. ఆ కొండల్లో పడి కాలో చెయ్యో విరిగితే నిన్ను అడిగే దిక్కెవడ్రా?"

"ఎందుకు లేరు? మావాళ్ళున్నారు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే కొత్తగా అనిపించింది. కొత్త చెప్పులు వేసుకుని నడిచి చూసుకున్నట్టు మనసులో ఇంకోసారి అనుకున్నాడు. మావాళ్ళు.

అక్క సంచీని మంచం కిందకి తోసింది. "సరే. నిన్ను అడిగేవాళ్ళున్నారని నాకు నమ్మకం కుదిరితే సోమవారం బస్సుకి నేనొక్కదాన్నే పోతా. మళ్ళీ ఈ మాటెత్తను. కుదరకపోతే నువ్వూ సంచీ సర్దుకో. ఏమంటావ్?"

"అలాగే."

కొండమీద ఒకప్పుడు రాళ్ళ గని ఉండేది. అది మూతపడ్డాక ఆ దారికి అడ్డంగా ఇనపగేటు పెట్టారు. మోటారు బండి దూరదు, సైకిలు పక్క సందులోంచి దూరుతుంది. లోపలికి వెళ్ళాక హారన్ లేదు, పొగ లేదు. ఒక పక్క నిలువు రాతిగోడ, ఒక పక్క లోయ, మధ్యలో మెలికలు తిరిగిన కంకర దారి. టైర్ల కింద కంకర నలుగుతుంటే, పళ్ళు గట్టిగా ఉన్నవాడెవడో తీరిగ్గా బిస్కెట్లు నములుతున్నట్టు ఉంటుంది. ఆయన ఇన్నేళ్ళూ చేసిన ఏ పళ్ళసెట్టూ అలా నమల్లేదు.

సైకిలు జట్టుకి పెద్ద, బ్యాంకులో పనిచేసే కుర్రాడు. అందరూ కెప్టెన్ అంటారు. ఈయన చేరిన రోజునే "అంకుల్, మీరు తోక" అన్నాడు. దిగేటప్పుడు అందరి వెనకా ఒకరు రావాలి. ఎవరు పడినా, ఎవరి గాలి పోయినా, ఆ వెనకవాడు ఆగి చూసుకోవాలి, వాళ్ళని దాటి ముందుకు పోకూడదు. అదీ తోక పని. ఆ రోజునుంచీ ఆయన తోకంకులే.

కింద గేటు దగ్గర అందరూ ఆగుతారు. ఆయన చివర్న వచ్చి, కాలు కింద ఆనించి, "వెనక ఎవరూ లేరు!" అని కేకేస్తాడు. అప్పుడు గాని అందరూ హో అని అరిచి టీకొట్టు వైపు కదలరు. వారం మొత్తంలో ఆయన గొంతెత్తేది ఆ ఒక్కసారే. ఆయన నోటివెంట మాట ఎప్పుడొస్తుందా అని నలుగురు ఎదురుచూసేదీ అప్పుడే.

ఆ ఆదివారం వెనకబడింది కొత్తగా చేరిన నర్సు పిల్ల. ఆ పిల్ల వెనకే మెల్లిగా దిగుతుంటే, సగం దారిలో కత్తిలాంటి రాయి దిగి ఈయన వెనక టైరు ఉస్సుమంది.

"అంకుల్, ఆగనా?"

"వద్దమ్మా, నువ్వు పద. నువ్వు నిలబడి చూస్తుంటే నా చేతులు తడబడతాయి. ట్యూబు మార్చుకుని వెనకే వచ్చేస్తా."

ఆ పిల్ల బ్రేకులు పట్టుకుని జాగ్రత్తగా మలుపు తిరిగింది. ఈయన చక్రం ఊడదీసి, రాతిముక్క పీకి, కొత్త ట్యూబు ఎక్కించి, పంపు అందుకున్నాడు. ఆ మలుపు అంచునుంచి చూస్తే కింద గేటు కనిపిస్తుంది. జట్టంతా నేలమీద ఒలికిన రంగు గుండీల్లా ఉన్నారు. ఇంకో గుండీ వచ్చి వాళ్ళలో కలిసింది. నర్సు పిల్ల.

ఆ కొండల్లో మాట పైకి బాగా ఎక్కుతుంది.

"వెనక ఎవరూ లేరు!"

ఆ పిల్ల గొంతే. చివర్న వచ్చినవాళ్ళు అనాల్సిన మాట అనుకుంది కాబోలు. ఆ వెంటనే హో అని అందరి కేక.

ఈయన నోరు తెరిచాడు. ఒక్క అరుపు అరిస్తే చాలు, అందరూ తలెత్తి చూసేవాళ్ళు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. చూద్దాం, అనుకున్నాడు. టీకొట్టు దగ్గర గుర్తొస్తుంది. కెప్టెన్ నెత్తిన చెయ్యి పెట్టుకుని, "అయ్యో, అంకుల్!" అని రొప్పుతూ పైకొస్తాడు. అప్పుడు "దానికేముందిలే బాబూ" అనాలి. చిరాకు పడకూడదు, మరీ నవ్వకూడదు కూడా. ఆ మాట రెండుమూడు రకాలుగా పైకే అని చూసుకుని, రాయిమీద కూర్చున్నాడు.

గుండీలు ఒక్కొక్కటే చెట్ల చాటుకి పోయాయి. లోయలో ఎక్కడో ఒక రాయి జారి, కాసేపు దొర్లి, ఆగిపోయింది. ఏమీ తోచక చక్రం చేత్తో తిప్పాడు. టకటకమని తిరిగి తిరిగి అదీ ఆగింది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఎండ ఎదుటి రాతిగోడ దిగి వచ్చి ఆయన బూట్ల మీద పడింది. పైకి ఎవరూ రాలేదు. ఇన్నాళ్ళూ ఎవరి వీపో చూసుకుంటూ దిగినవాడు, ముందర ఏ వీపూ లేకపోయేసరికి ఆ దారి ఎంత వెడల్పో మొదటిసారి గమనించాడు.

గేటు దగ్గర అలవాటుగా కాలు కింద ఆనించాడు.

"వెనక ఎవరూ లేరు," అన్నాడు మెల్లిగా, గేటుతో.

టీకొట్టావిడ గ్లాసులు తోముతోంది. "మీవాళ్ళు ఎప్పుడో పోయారు కదయ్యా!"

"నా గురించి ఏమైనా అడిగారా?"

"మీ టీ కూడా పోసే పెట్టాను. ఒకటి ఎక్కువొచ్చిందేంటి అన్నాడు కెప్టెన్ బాబు. చల్లారిపోతుందని తనే తాగేశాడు."

"అందులో చక్కెర ఉండదే!"

"అదే అన్నాడు. ఇంకో చెంచా వేయించుకున్నాడు."

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురింట్లో కిటికీ తెర కదిలింది.

"ఏంట్రా ఇంతసేపు?"

"పంక్చరైంది."

"మరి మీవాళ్ళో?"

ఆయన పెరట్లో కుళాయి తిప్పి, వీపు ఇటు పెట్టి చేతుల గ్రీజు రుద్దుకోసాగాడు. "ఆగారు. అందరూ ఆగారే అక్కా. కెప్టెనైతే ఆ ఎండలో పైదాకా వచ్చి తనే పంపు కొట్టాడు. నేను వెళ్ళండి బాబూ అంటే వినడే! తోక లేకుండా కదలం అని ఒకటే గోల. చక్కెర లేకుండా నా టీ విడిగా చెప్పి పెట్టించారు."

ఇంతకుముందెప్పుడూ అన్ని మాటలు ఒక్క ఊపున మాట్లాడి ఎరగడు. అక్క తువ్వాలు పట్టుకుని అంతా విన్నది. తమ్ముడు చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు.

"వాళ్ళు ఎప్పుడో తిరిగొస్తూ ఈ వీధమ్మటే పోయార్రా. నీ పేరు చెప్పి, మా తమ్ముడేడీ అని అడిగాను. ఆ పేరుగలవాళ్ళు మాలో లేరండీ అన్నారు."