అధ్యక్షులవారు అన్నది అన్నట్టు

శాసనసభలో ఆమెను అందరూ రాతమ్మ అనేవారు. కమిటీల్లో ఎవరేం మాట్లాడినా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, టైపు చేసి, అచ్చుకు పంపడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ.

నిబంధన ప్రకారం అన్నది అన్నట్టు రాయాలి. ఆచారం వేరు. సభ్యుడు తిడితే అచ్చులో అది ‘అసంతృప్తి వ్యక్తం చేశారు’ అయ్యేది. కునుకు తీసి లేచి, జవాబొచ్చిన ప్రశ్నే మళ్ళీ అడిగితే ‘మరింత వివరణ కోరారు’ అయ్యేది. ఆ సర్దడమంతా రాతమ్మ చేతిమీదుగానే జరిగేది.

ఆరోజు బడ్జెట్ కోతల మీద జనం మొర వినే రోజు. మనిషికి మూడు నిమిషాలు. ఏడో మనిషిగా ఒక చిన్న ఊరి ఆసుపత్రి నర్సు లేచింది. ఆమె రాతమ్మకు సొంత అక్క. ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు.

“అయ్యా, పోయిన ఏడాది కోతలో మా కాన్పుల వార్డు ఆదివారాలు మూసేశారు,” అంది అక్క. “మా చెల్లెలికి ఆదివారమే నొప్పులొచ్చాయి. వార్డు తాళంచెవి నా దగ్గరే ఉంది. తీస్తే లోపల డాక్టరేరీ? కారులో పెద్దాసుపత్రికి బయల్దేరాం. గంటన్నర దారి. నలభై నిమిషాలకే తల్లీబిడ్డా పోయారు. ఇప్పుడు వార్డు మొత్తం ఎత్తేస్తామంటున్నారు. ఎత్తెయ్యకండయ్యా. ఆ మాట అడగడానికే వచ్చాను.”

కమిటీ అధ్యక్షుడు బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు.

“అంత తొందరేమొచ్చిందమ్మా మీ చెల్లెలికి? సోమవారం దాకా ఆగాల్సింది.”

ఇద్దరు సభ్యులు నవ్వారు. ఆ నవ్వు కూడా రాతమ్మ పెన్సిలు కింద పడింది.

“ఆగలేకపోయిందయ్యా,” అని అక్క కూర్చుంది.

సాయంత్రం రాతమ్మ ఇంట్లో అక్క చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. “వాడన్న మాట పుస్తకంలో వస్తుందా?”

“రాదు. ‘అధ్యక్షులు సానుభూతి తెలిపారు’ అని వస్తుంది.”

“ఎవరు మారుస్తారు?”

“నేనే.”

“అయితే ఇన్నేళ్ళూ వాడి మూతి తుడిచింది నువ్వేనన్నమాట.”

పోయిన ఆ చెల్లెలికి రాతమ్మ కూడా అక్కే.

మర్నాడు నోటు పుస్తకం తెరిచి, ఉన్నది ఉన్నట్టు టైపు చేసింది. టీలో బిస్కెట్టు ముంచడం, నవ్వు, నవ్విన ఇద్దరి హోదాలు, అన్నీ. ఇరవై రెండు పేజీలయింది. అచ్చుకు ముందు అధ్యక్షుడు ప్రతి పేజీ చదివి సంతకం చేయాలి. ఆ కట్ట తానే తీసుకెళ్ళింది.

ఆయన ఫోనులో ఉన్నాడు.

“ఒకసారి చదవండి సార్.”

“నువ్వుండగా నేనెందుకు చదవడం రాతమ్మా? నేను మాట్లాడేదానికన్నా నువ్వు రాసేదే బాగుంటుంది.” ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి సంతకాలు మొదలెట్టాడు.

“చదివితే మంచిది సార్.”

“చాదస్తం.”

పద్నాలుగో పేజీ దగ్గర కలం ఆగింది. సోమవారం మాట ఉన్నది ఆ పేజీలోనే. ఆయన కలం విదిలించి సంతకం చేశాడు.

ఓటింగు రోజు పొద్దున పుస్తకం సభ్యులందరి బల్లల మీదికీ చేరింది. ఎవరూ చదవని పుస్తకం అది. ఆరోజు మాత్రం వెనక వరసలో ఒక సభ్యురాలు పేజీలు తిప్పుతూ పద్నాలుగో పేజీ దగ్గర ఆగి, దాన్ని పైకి చదివింది. ఆమెది అధ్యక్షుడి పార్టీయే.

“నేనలా అనలేదు,” అధ్యక్షుడు లేచాడు. “రాసేవాళ్ళ పొరపాటు.”

“సంతకం మీదేనా?” స్పీకర్ అడిగారు.

“నాదే. కానీ, అదీ... చదవలేదు. అంటే, చదివాను...”

“ఏదో ఒకటి చెప్పవయ్యా, సోమవారం దాకా ఆగలేం!” అని ఎవరో అరిచారు. సభ గొల్లుమంది. ఆయన నీళ్ళు నమిలాడు. కింద బల్ల దగ్గర రాతమ్మ ఆ నమలడం కూడా రాసుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఆ పని అంత హాయిగా ఎన్నడూ లేదు.

వార్డు ఎత్తేయాలన్న ప్రతిపాదన నాలుగు ఓట్ల తేడాతో వీగిపోయింది.

ఆమె అక్కకు ఫోను చేసింది.

“వార్డు ఉంటుందే అక్కా.”

“ఆదివారాలు?”

“దాని మీద ఓటు లేదు. అది పోయిన ఏడాదే అయిపోయిందిగా.”

“అయితే ఈ ఆదివారం ఎవరికైనా నొప్పులొస్తే తాళంచెవి పట్టుకుని మళ్ళీ నేనే నిలబడాలి,” అని అక్క పెట్టేసింది.

రాతమ్మ రికార్డు గదికి వెళ్ళింది. అక్కడ ఆమె నోటు పుస్తకాలన్నీ ఏడాదివారీగా ఉన్నాయి. పోయిన ఏడాది కోతల సమావేశం తీసింది. ఆ రోజు అచ్చులో వచ్చింది ఆమెకు గుర్తుంది: ‘సమగ్ర పరిశీలన అనంతరం ఆదివారం సేవల నిలిపివేతకు అధ్యక్షులు సిఫార్సు చేశారు.’ ఆ వాక్యం కట్టింది తనే.

నోటు పుస్తకంలో షార్ట్‌హ్యాండ్ గీతల్లో ఆయనన్న మాట వేరే ఉంది: ‘కాగితాలు చూసే టైం లేదు. ఫ్లైటుంది. ఆదివారం కొట్టెయ్యండి, ఆ ఊళ్ళో అడిగేవాడెవడు?’

ఆ గీతల మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. తర్వాత తప్పొప్పుల సవరణ ఫారం టైపు మిషన్లో ఎక్కించింది. ‘అచ్చులో ఉన్నది’ అన్న చోట తన వాక్యం కొట్టింది. ‘ఉండవలసినది’ అన్న చోట ఆయన వాక్యం కొట్టింది. ‘తప్పు చేసినవారు’ అన్న గడిలో తన పేరు, ఉద్యోగం నంబరు రాసి, స్పీకర్ ఆఫీసుకు తానే మెట్లెక్కి వెళ్ళింది.