మాట అందించే గొంతు

ప్రాంప్టరు గొంతు ప్రేక్షకుడి చెవిన పడిందంటే నాటకం చచ్చినట్టేనని రంగస్థలం మీద బతికినవాళ్లందరూ నమ్ముతారు. పక్కతెర చాటున కూర్చుని, నటుడు మరచిపోయిన మాటను అతడికి మాత్రమే వినబడేలా అందించడం ప్రాంప్టరు పని. ఆ మాట నటుణ్ణి దాటి మొదటి వరుసదాకా వచ్చిందంటే, అంతవరకూ రాజుగా కనిపించినవాడు అద్దె కిరీటం పెట్టుకున్న గుమాస్తాగా మారిపోతాడని వాదన. ఈ నమ్మకాన్ని ఎవరైనా పరీక్షించి చూశారా అంటే, చూసిన దాఖలా లేదు. నమ్మకాలకు ఆ సౌకర్యం ఉంటుంది.

దర్శకుడు నిచ్చెన మీద నిలబడి దీపానికి పసుపుపచ్చ కాగితం కడుతున్నాడు. దారం ముక్క పళ్ల మధ్య ఉంది. కార్మిక సంఘం హాలుకు ఆయన దర్శకుడే కాక తాళంచెవులు ఉంచుకునే మనిషి కూడా. ఊడ్చే మనిషి రాని రోజున ఆ పనీ ఆయనదే. పొట్టి మనిషి. ఎప్పుడూ ఏదో ఒక బల్లనో కుర్చీనో మోస్తూ తిరగడంవల్ల ఎడమ భుజం కుడిదానికంటే కాస్త దిగిపోయింది. నిచ్చెన ఎక్కేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఆగి, పై మెట్టు గురించి ఆలోచిస్తున్నవాడిలా నిలబడతాడు. ఆలోచన ఏమీ ఉండదు, మోకాళ్లు.

పత్రికలవాళ్లు ఆయన్ని ఒకప్పుడు ప్రయోగశీలి అన్నారు. తెర లేకుండా నాటకమాడించిన మొదటి మనిషి ఈ చుట్టుపక్కల ఆయనే. తెర చిరిగిపోయింది, కొత్తది కొనడానికి సంఘం ఒప్పుకోలేదు. మరొకసారి రంగస్థలమంతా బకెట్లు పరచి, వాటిలో పడే నీటిచుక్కల చప్పుడు మధ్య ఒక కుటుంబం కథ నడిపించాడు. కప్పు కారుతోంది. నాయక వేషధారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు పాత్రలన్నింటినీ కూర్చోబెట్టేశాడు. నిలబడి చెప్పే మాటల్లోని బింకాన్ని ఆయన తీసిపారేశాడని ఎవరో వ్యాసం రాశారు. ఆయన భార్య మాత్రం బతికున్నంతకాలం, "మీ ప్రయోగాలన్నీ చిరుగుకి వేసిన మాసికలేగా" అనేది. ఆయన కాదనలేదు. మాసిక కనబడేలా వేయడమే తన పద్ధతి అనేవాడు.

"దిగరా ముందు. ఆ నిచ్చెన నీకంటే ముసలిది," అంది కిందినుంచి అక్క.

"దిగితే మళ్లీ ఎక్కలేనక్కా. అక్కణ్ణించే చెప్పు."

"మీ బావ పొద్దున్నే గడ్డం గీసుకుని పెళ్లికొడుకులా కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా కావాలిట. తెరచాటు మనిషికి ఇస్త్రీ ఎందుకని ఇన్నాళ్లూ నన్ను సాధించిన మనిషి!"

"ఇవాళ జనానికి కనబడతాడుగా."

"కనబడనీ. వినబడుతున్నట్టు మాత్రం ఆయనకి తెలియనీకు." అక్క చుట్టూ చూసి, తన గొంతు హాలంతా మోగిందని గ్రహించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చూశావా నా ఖర్మ? ఇంట్లో అరిచి అరిచి మామూలుగా మాట్లాడటం మరిచిపోయాను. మొన్న నేను వంటింట్లోంచి 'కూర దించెయ్యనా' అంటే, ఎదురింటావిడ 'దించెయ్యండి' అంది."

దర్శకుడు నవ్వాడు. దారం కింద పడింది. అక్క దాన్ని తీసి, రెండు మెట్లెక్కి అందించింది. దిగకుండా అక్కడే నిలబడింది.

"ఇంట్లో కూర్చోబెట్టకురా ఆయన్ని. మంచం పట్టేస్తారు. ఆయనకున్నదల్లా ఆ గుసగుసే."

ఈ హాలు ప్రాంప్టరు బావే. ఆయనకు చెవులు మందగించి చాలా కాలమైంది. బావకు తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు. ఈమధ్య మనుషులు గొణుగుడు నేర్చారని ఆయన అభిప్రాయం. తన గొంతు తనకు వినబడేదాకా పెంచుకుంటూ పోవడంతో, పక్కతెర చాటునుంచి ఆయన అందించే గుసగుస ఏడాదికేడాది వరుసలు దాటుకుంటూ వెనక గోడదాకా చేరింది. కిందటి నాటకంలో, రాజీనామా ఇవ్వాల్సిన అధికారి నోరు విప్పకముందే, వెనకనుంచి ఒకడు, "అది విన్నాంలే, తర్వాతిది చెప్పు!" అని అరిచాడు. ఆ మర్నాడే సంఘం కార్యదర్శి దర్శకుణ్ణి పిలిచి, ముసలాయన్ని ఇంటికి పంపమన్నాడు. ఇంకొక్క నాటకం చూడమని దర్శకుడు బతిమాలుకున్నాడు. ఇది నడిస్తే బావ ఉంటాడు, నవ్వులపాలైతే వెళ్లిపోతాడు. ఒప్పందం అది.

బతిమాలడానికి ఆయనకొక కారణం ఉంది. గోడలకు ప్రకటనలు అంటించే కుర్రతనంలో ఆయన్ని ఈ హాల్లోకి తెచ్చింది బావే. తొలిసారి వేషం కట్టి, నోరు తెరుచుకుని నిలబడిపోయినప్పుడు ఆ నోట్లో మాట పెట్టిందీ బావే. తనకు నటన రాదని ఆ రోజే తేలిపోయింది. అయినా ఆ గొంతు చేరువలోనే ఆయన జీవితమంతా గడిచింది.

మధ్యాహ్నం చివరి రిహార్సలు. అన్నదమ్ములిద్దరు తండ్రి నడిపిన గడియారాల కొట్టును పంచుకునే కథ అది. రాసినవాడు తండ్రి పాత్రను రాయలేదు. దర్శకుడు కల్పించాడు: కొట్టు మధ్యలో కుర్చీ, అందులో పుస్తకం పట్టుకున్న వృద్ధుడు, అంటే బావ. కొడుకులు ఏమనబోతారో ఆయన ముందే పైకి చదివేస్తాడు.

పెద్దన్న వేషధారి పగటిపూట తపాలా కచేరీలో ముద్రలు కొడతాడు. ఒక్కసారి వింటే చాలు, వచ్చేస్తుందని చెప్పుకుంటాడు గనక అందరూ అతణ్ణి ఏకసంథ అంటారు. ఆ మాటను అతడు పొగడ్తగానే తీసుకున్నాడు.

"నాకసలు ప్రాంప్టింగే అక్కర్లేదు కద సార్. నేననేది ఆయన ముందే అనేస్తే నేనేం చెయ్యాలి? డూడూ బసవన్నలా తలూపాలా?"

"ఈ తగువు ఆ ఇంట్లో ఇవాళ కొత్తగా వచ్చింది కాదయ్యా. ఏళ్లతరబడి జరుగుతోంది. ముసలాయనకి కంఠతా వచ్చేసింది. నీ మాట నీకంటే ముందే మీ నాన్న అనేస్తే నీకెలా ఉంటుంది?"

"చిర్రెత్తుకొస్తుంది."

"అదే కావాలి. రోజూ మాట గుర్తుచేసుకునే పనిలో పడి నీకు కోపం రావటం లేదు."

ఏకసంథ ఏదో అనబోయి ఆగాడు. మరదలి వేషం వేసే నర్సు మొహం తిప్పుకుని నవ్వింది.

బావ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. దర్శకుడు అలవాటుగా ఆయన ఎదుటికి వెళ్లి, వెలుతురు తన మొహం మీద పడేలా నిలబడ్డాడు. బావ చూపు ఆయన పెదవుల మీద నిలిచింది.

"ప్రాంప్టరు జనానికి కనబడటమంటే చొక్కా తిరగేసి తొడుక్కోవటంరా."

"కొత్త పద్ధతి బావా."

"నీ పద్ధతులకి నా వయసు చాలటం లేదు. సరే, వీళ్లకి వినబడితే చాలుగా? మెల్లగానే చదువుతాలే."

ఆ మాటకు, వీధి గేటు దగ్గర టీ తాగుతున్న కాపలాదారు వెనక్కి తిరిగి లోపలికి చూశాడు.

సాయంత్రం హాలు ముప్పాతిక నిండింది. కార్యదర్శి ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బావ చేతికి వేణ్ణీళ్ల ఫ్లాస్కు ఇచ్చి వచ్చి, అక్క అటు చివర కూర్చుంది. దీపాలు వెలిగాయి. ఇస్త్రీ చొక్కాలో బావ పుస్తకం తెరిచి, "నీ వాటా నువ్వు తీసుకో, నా దారి నన్ను చూసుకోనీ," అని చదివాడు. క్షణం ఆగి ఏకసంథ అదే మాట తమ్ముడి మొహం మీద విసిరాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కతెర చాటున దర్శకుడు కళ్లు మూసుకున్నాడు.

రెండో మాటకు నవ్వు పెరిగింది. ఏకసంథకు నిజంగానే కోపం వచ్చింది. అతడు తండ్రివైపు తిరిగి, రిహార్సలులో లేని విధంగా, పళ్లు బిగించి ఆ మాట అన్నాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ముసలాయన చదివిన ప్రతి మాటకూ, కొడుకు దాన్ని అనకుండా ఉంటే బాగుండునన్నట్టు జనం ఎదురుచూశారు, కొడుకు అనేవాడు. కార్యదర్శి కట్టుకున్న చేతులు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. దర్శకుడికి ఆ చేతులు కనబడ్డాయి. పొద్దుటినుంచీ ఏమీ తినలేదన్న సంగతి ఆయనకప్పుడు గుర్తొచ్చింది.

బావ జీవితమంతా నటుల పక్కమొహాలు చూసినవాడు. ప్రేక్షకుల మొహాలు ఎన్నడూ చూడలేదు. రెండో రంగంలో పేజీ తిప్పుతూ తలెత్తి చూశాడు. "ఆయన పోయాక ఈ గడియారాలకి కీ ఎవరిస్తారు?" అన్న మాట మరదలిది. ఆయన దాన్ని అందించాడు. ముందు వరుసలో ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బావ నర్సువైపు చూశాడు. ఆమె ఇంకా నోరు విప్పలేదు.

ఆయన మళ్లీ ముందు వరుసకేసి చూశాడు. తర్వాత పక్కతెరవైపు చూశాడు. దర్శకుడు తల దించుకున్నాడు.

తరువాతి మాటకు బావ పెదవులు మాత్రమే కదిలాయి. ఏకసంథ నోరు తెరిచి నిలబడిపోయాడు. అతడి చూపు కుర్చీమీదికి వెళ్లింది, గడియారాల మీదికి వెళ్లింది, మళ్లీ కుర్చీమీదికి వచ్చింది. ఆ మొహాన్ని బావ ఎరుగును. అటువంటి మొహాలను ఒడ్డుకు చేర్చడమే ఆయన పని. ఎక్కువసేపు చూడలేకపోయాడు. మాట అందించాడు, నిండు గొంతుతో. రంగం ముగిసేదాకా అలాగే అందించాడు.

దీపాలు తగ్గాయి. తెర లేదు గనక మూడో రంగానికి బల్ల జరపడానికి దర్శకుడే చీకట్లో రంగస్థలం మీదికి వచ్చాడు. బావ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పట్నించిరా?"

తనకు తెలిసినంతలో అది గుసగుస. హాలంతా విన్నది. దగ్గులు ఆగాయి.

దర్శకుడు వంగి ఆయన చెవిలో మెల్లగా ఏదో అన్నాడు. "ఆ?" అన్నాడు బావ. పెదవులు చూద్దామంటే చీకటి. దర్శకుడు నిటారుగా నిలబడి గట్టిగా అరిచాడు.

"చాలా కాలమైంది బావా!"

"వీళ్లందరికీనా?"

"అందరికీ!"

"నువ్వు చెప్పలేదేం?"

దానికి జవాబు ఉంది. అరిచి చెప్పే జవాబు కాదు. దర్శకుడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. బావ పుస్తకంలో మూడో రంగం దగ్గర పేజీ తెరిచి, మొదటి మాట మీద దర్శకుడి వేలు పట్టుకుని ఉంచి, పుస్తకం వదిలేశాడు. చొక్కా సర్దుకున్నాడు. ముందువైపు మెట్లమీదుగా హాల్లోకి దిగి, వరుసల మధ్య దారిలో తలుపుదాకా నడిచాడు. చివర కూర్చున్న అక్క లేచి వెంట వెళ్లింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత హాలంతా కొట్టింది. ఆయన వెనుదిరగలేదు. ఆ చప్పట్లు ఆయనకు వినబడ్డాయనడానికి ఆధారం లేదు.

మూడో రంగానికి దర్శకుడే పక్కతెర చాటున పుస్తకం పట్టుకున్నాడు. ఏకసంథ పలుచోట్ల ఆగాడు. ఆగిన ప్రతిచోటా దర్శకుడు మాట అందించాడు. అది ప్రేక్షకుల్లో ఎవరికీ వినబడలేదు. జనం చివరిదాకా కూర్చున్నారు. మధ్యలో కొందరు ఆవలించారు.

"ఆ ముసలాయన్ని మధ్యలో లేపేశారు చూడండి, అదీ దెబ్బంటే!" అన్నాడు కార్యదర్శి, దర్శకుడి దిగిన భుజం మీద చెయ్యి వేసి. "చీకట్లో ఆ కేకలూ అవీ భలే ఉన్నాయి. రేపు కూడా అక్కడే లేపండి. ఇక ఆయన సంగతి నేను చూసుకుంటా, ఎవరూ పొమ్మనరు."

"చెబుతాను," అన్నాడు దర్శకుడు.

చెప్పాడు. మర్నాడు పొద్దున్న అక్క ఇంటి వరండాలో, వెలుతురు మొహం మీద పడేలా నిలబడి చెప్పాడు. బావ ఆయన పెదవుల వంక చూడలేదు.

నాటకం తండ్రి పాత్ర లేకుండా నెలాఖరుదాకా నడిచింది. ఒక వ్యాసంలో ఖాళీ కుర్చీని గురించి రెండు పేరాలు రాశారు. బావ మళ్లీ హాలుకు రాలేదు. వానలు మొదలైన నెలలో నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత కొత్త నాటకం కోసం గడియారాల కొట్టు సామాను విప్పుతూ కుర్చీ జరిపితే, దాని వెనక కాలికి ఆనించి, గొంతు ఆరకుండా అక్క వేణ్ణీళ్లు పోసి ఇచ్చిన చిన్న ఫ్లాస్కు, బిగించిన మూత బిగించినట్టే ఉంది.