బడి తాళానికి మన జెండా

మేం వలసొచ్చి బతుకుతున్న ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు బడికి తాళం వేశారు. వేసింది పరాయివాళ్లయితే ఏడ్చి ఊరుకునేవాళ్లం. వేసింది మా యూనియనే. ఎవరూ ముట్టుకోకుండా తాళానికి మా ఎర్రజెండానే కట్టారు.

అది ఉత్త బడి కాదు. చీకటితోనే వీధులూడ్చడానికి పోయే ఆడవాళ్లం పిల్లల్ని అక్కడే దించేవాళ్లం. వారానికోసారి డాక్టరు వచ్చేవాడు. నరసమ్మ కూతురు అప్పమ్మకి మూర్ఛరోగం. దానికి రోజూ మాత్ర మింగించేది భానుమతి పంతులమ్మే. ఇప్పుడా గదులు యూనియన్ ఆఫీసుకి కావాలట.

అందరం కలిసి నాయకుడు నిమాయ్ దగ్గరికి పోయాం.

"దాదా, పిల్లల్ని ఏటి సెయ్యమంతావు?" అంది సన్యాసమ్మ. మా అందరిలో పెద్దది, ఆ బడి కట్టినప్పుడు ఇటుకలు మోసిన మనిషి.

"కార్పొరేషన్ బడికి పంపండి, దీదీ."

"అది పొద్దెక్కాక గానీ తియ్యరు. అందాకా?"

"ఆఫీసు కూడా మీకోసమే కదా" అని నిమాయ్ టీ తాగాడు.

అతనికే ఎదురెలా తిరుగుతాం? ఊరేగింపుల్లో అతని వెనకాల గొంతు చించుకున్నది మేమే. పిల్లల్ని తీసుకుని వచ్చేశాం.

అప్పమ్మ మాత్రలు బడిలోనే ఉండిపోయాయి. మర్నాడు నరసమ్మ పిల్లని గుడిసెలో వదిలి పనికి పోయింది. తిరిగొచ్చేసరికి అప్పమ్మ మూర్ఛొచ్చి పొయ్యి పక్కన పడి ఉంది. చెయ్యి మోచేతిదాకా కాలింది.

సాయంత్రానికి బస్తీ అంతా బడి ముందుంది. మా కుర్రాడు పెద్దిరాజు తాళం మీదికి గునపం ఎత్తి, దించేశాడు.

"మా అయ్య పోయినప్పుడు మీద కప్పింది ఈ జెండాయే. దీనిమీద ఎలా ఎత్తను?"

నాకూ చేతులు రాలేదు. మా మీద మాకే అసహ్యం వేసింది.

సన్యాసమ్మ వెళ్లి జెండా ముడి విప్పింది. కట్టు కట్టిన అప్పమ్మ చేతిని అందులో పెట్టి, పిల్ల మెడకి ముడేసింది.

"మన జెండాయే. మన పిల్లకి కట్టినాను. ఇప్పుడు కొట్టరా."

తాళం విరిగింది. పిల్లలు ఇంకా గడప దాటకుండానే నిమాయ్ పిలిపించిన పోలీసులు వచ్చారు. తాళం పగలగొట్టి జెండాని అవమానించారంటూ సన్యాసమ్మనీ పెద్దిరాజునీ వ్యానెక్కించారు. ఆపలేకపోయాం. తలుపుకి కొత్త తాళం పడింది.

తెల్లారి ఎవరమూ పనికి పోలేదు. చీపుర్లు బడి గుమ్మంలో పడేసి, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. అంతకన్నా మాకేం చేతనవుతుంది? నిమాయ్ వచ్చి జెండా ఇచ్చెయ్యమన్నాడు.

నరసమ్మ తలెత్తలేదు. "ముందు మా సన్యాసమ్మప్పని ఇడిపించు. తలుపు తియ్యి. పిల్ల సెయ్యి మానినాక జెండా అడుగు."

మేమంతా అప్పమ్మ చుట్టూ జరిగి కూర్చున్నాం.