నలభై ఎనిమిది లెన్సులు

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ మైక్రాన్ అనేవాళ్లు. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా వేలితో తడిమి చెబుతాడని ఆ పేరు. ఫ్యాక్టరీ మూతపడి ఇరవై రెండేళ్లయింది, పేరు మాత్రం పోలేదు.

ఒకరోజు పొద్దున్నే ఒక ఇంజనీరమ్మాయి పాత డ్రాయింగులు చంకలో పెట్టుకుని ఆయన ఇంటికి వచ్చింది.

"బాబాయ్, నూటయాభై మళ్లీ తయారు చేద్దామనుకుంటున్నా. అద్దం సానపట్టడం తెలిసినవాళ్లలో మిగిలింది మీరొక్కరే."

"అంటే మిగతావాళ్లందరూ పోయారనేగా! రా, కూర్చో," అన్నాడు నవ్వుతూ.

నూటయాభై అంటే వెడల్పాటి ఫిల్ము వేసే పెద్ద కెమెరాలకు ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు చేసిన లెన్సు. మనుషుల ముఖాలు తీయడానికే పుట్టింది. దాంతో తీస్తే కంటిరెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, చర్మం చుట్టూ మాత్రం పల్చటి వెలుగు కమ్ముకుని ఉంటుంది. దాని కోసం ఇప్పటికీ స్టూడియోలవాళ్లు కాళ్లరిగేలా తిరుగుతున్నారు.

ఒక షెడ్డులో పని మొదలుపెట్టారు. నాలుగు నెలలు ఆయన నీళ్లలో చేతులు నానబెట్టి అద్దాలు నునుపు చేశాడు. అమ్మాయి ఇత్తడి గొట్టాలు, రింగులు లేత్ మీద తీయించింది. మొదటి లెన్సు బిగించి, ఆయన్నే కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోటో తీసింది. ఫిల్ము కడిగి చూస్తే ముఖంలో ప్రతి గుంటా, ప్రతి మచ్చా కత్తితో గీసినట్టు వచ్చింది. వెలుగు జాడే లేదు.

"డ్రాయింగులో ఉన్నట్టే చేశాం కదా బాబాయ్!" అంది అమ్మాయి.

చివరికి ఒక స్టూడియో ఆవిడ తన దగ్గరున్న పాత లెన్సు ఇచ్చింది. దాంతో తీసిన ముఖాలే ఆవిడకు పేరు తెచ్చాయి. విప్పి, ఒక్కో భాగం కొలిచారు. అద్దాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండో అద్దానికీ మూడో అద్దానికీ మధ్య ఉండే రింగు నాలుగు పాయింట్ రెండు మిల్లీమీటర్లు ఉండాలి. మూడు పాయింట్ తొమ్మిది ఆరే ఉంది.

ఆయన గొట్టం తిప్పి, దాని మీద చెక్కిన తయారీ నంబరు చూశాడు. గొట్టాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"దొరికింది!" అమ్మాయి ఎగిరి గంతేసింది. "ఎవరో రింగు తప్పు తీశారు. ఆ తప్పే ఇంత అందం! ఎవరో గానీ ఆయన చేతులకు దండం పెట్టాలి."

"తప్పు ఆయనది కాదమ్మాయ్," అన్నాడు మైక్రాన్. "ఆయన మా అన్న."

ఆ తర్వాత అంతా చెప్పాడు. అన్న లేత్ మీద పనిచేసేవాడు. తమ్ముణ్ణి వేలు పట్టుకుని తీసుకొచ్చి అదే ఫ్యాక్టరీలో తనిఖీలో పెట్టించాడు. రింగులు కొలిచే గేజిని ప్రతి సోమవారం సున్నాకు సరిచేయడం తమ్ముడి పని. ఒకరోజు మోచెయ్యి తగిలి గేజి కిందపడింది. దులిపి మళ్లీ పెట్టేశాడు, సరిచూడలేదు. ఆ వారం అన్న తీసిన రింగులన్నీ గేజి మీద సరిగ్గానే కనిపించాయి. వారం చివర్లో నలభై ఎనిమిది లెన్సులు మసకగా ఉన్నాయని ఆఖరి పరీక్ష నుంచి తిరిగొచ్చాయి.

"'గేజి చూడరా,' అన్నాడు అన్న. ఆ సాయంత్రం చూశాను. సున్నా తప్పింది. సరిచేసి, మర్నాడు ఆఫీసరు ముందు పెట్టి, గేజి బాగానే ఉందని సంతకం చేశాను. అన్నను పనిలోంచి తీసేశారు. లెన్సుల్ని నాసిరకం కింద ఎవరికో అంటగట్టారు. ఇదీ, పేరొచ్చిన నూటయాభైలన్నీ ఆ నలభై ఎనిమిదిలోవే."

అమ్మాయి ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మొదటిరోజు చెప్పలేకపోయాను. రెండోరోజు ఇంకా కష్టమైంది. ఆపైన ముప్పై ఏళ్లు రెండోరోజే."

అన్న ఆ తర్వాత సైకిళ్ల షాపులో చక్రాల వంకర్లు తీస్తూ బతికాడు. తొమ్మిదేళ్ల కిందట పోయాడు. గేజి సంగతి తమ్ముణ్ణి మళ్లీ ఎన్నడూ అడగలేదు. కలిసినప్పుడల్లా తిన్నావా అని అడిగేవాడు, అంతే.

రింగు సన్నం చేసి బిగించారు. ఈసారి ఫోటోలో ముఖం చుట్టూ ఆ వెలుగు వచ్చింది. అమ్మాయి ఏడ్చింది. ఆయన మాత్రం ఆ ఫోటోను బోర్లా తిప్పి పెట్టాడు.

మర్నాడు వదిన ఇంటికి వెళ్లాడు. ఆమె మూడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది. గేజి సంగతంతా బట్టలు మడతపెడుతూ వింది. చివర్న చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"ఆయన నాకు చెప్పాడు," అంది. "తప్పు నాది కాదే అని చెప్పాడు. నేను నమ్మలేదు. నువ్వు సంతకం పెట్టావు కదా, సొంత తమ్ముడు అబద్ధం రాస్తాడా అనుకున్నాను."

"వదినా..."

"చేతకాని చేతులన్నాను. అన్నం పెడుతూ అన్నాను. పిల్లల ముందు అన్నాను. జ్వరంతో పడుకుంటే కూడా అన్నానయ్యా. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?"

ఆయన తల వంచుకుని, "లెన్సు మీద అన్న పేరు చెక్కిస్తాను. ఆ అమ్మాయి ఒప్పుకుంది," అన్నాడు.

వదిన మొదటిసారి గట్టిగా అరిచింది. "వద్దు! ఆ తప్పు ఆయన చెయ్యలేదని ఇప్పుడేగా చెప్పావు. మళ్లీ ఆయన పేరునే చెక్కుతావా? వేసుకుంటే నీ పేరు వేసుకో."

తర్వాత తలుపు దగ్గరికి నడిచి, తెరిచి పట్టుకుని నిలబడింది. ఆయన చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె అటు తిరిగే ఉంది.

లెన్సు ఏ పేరూ లేకుండానే బయటికి వచ్చింది. కావాలన్నవాళ్లు బారులు తీరారు. రెండో విడత కోసం అమ్మాయి ఫోన్ చేస్తే, చేతులు వణుకుతున్నాయమ్మా, ఇక నావల్ల కాదు అన్నాడు. చేతులు ఏమాత్రం వణకడం లేదు. వదిన ఇంటికి ఇంకో మూడుసార్లు వెళ్లాడు. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్లిపోయేది.