మామూలుగా ఉండమన్న జట్టు

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కంప్యూటర్ తెర మీద రెండు అంకెలు వచ్చాయి. పద్నాలుగు. పన్నెండు. ఫిజియోథెరపిస్టు వాటిని చూసి లెక్క మళ్ళీ నడిపింది. మళ్ళీ అవే వచ్చాయి.

ఆమె డాక్టరేట్ అంతా ఆ రెండు అంకెల మధ్య దూరం మీద ఆధారపడి ఉంది. అరవై అయిదేళ్ళు దాటి, గడిచిన ఏడాదిలో ఒక్కసారైనా జారిపడిన అరవై నాలుగు మందిని తీసుకుంది. చీటీలు వేసి రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు పన్నెండు వారాలు తనే వ్యాయామం నేర్పింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, నేల మీద అతికించిన టేపు వెంట వేళ్ళకు మడమ తగిలేలా నడవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం. రెండో జట్టుకు ఏమీ నేర్పలేదు. ఇంట్లో దీపాలు, చెప్పులు, తడి నేల గురించి ఇరవై పేజీల పుస్తకం ఇచ్చి, "మీరు మామూలుగా ఉండండి" అని చెప్పించింది. ఆస్పత్రిలో అందరూ వాళ్ళను మామూలు జట్టు అనేవారు.

మొదట్లో రెండు జట్ల సగటూ ఒకటే. ఒంటికాలి మీద ఆరు సెకన్లు. ఇప్పుడు వ్యాయామం జట్టు పద్నాలుగుకు వచ్చింది. మామూలు జట్టు ఆరు దగ్గరో ఏడు దగ్గరో ఉండాలి. పన్నెండు దగ్గర ఉంది.

శుక్రవారం పదకొండు గంటలకు ఈ అంకెలను పరీక్షకుల ముందు పెట్టాలి. నాలుగేళ్ళ పని. తమ్ముడు ఆమె పేరు ముందు డాక్టర్ అని రాయించిన బోర్డు అప్పుడే తెచ్చి బీరువా వెనక పెట్టాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని వాళ్ళమ్మ రోజూ అంటూనే ఉంది, రోజూ దాని దుమ్ము తుడుస్తూనే ఉంది.

ఫిజియో కాగితం పట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్ళింది.

"కొలవడంలో తప్పు జరిగిందేమో సార్."

కొలిచింది పెద్ద నర్సు. ఎవరు ఏ జట్టో ఆమెకు చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా నాడి చూసిన చెయ్యి అది.

"ఆ మాట ఆవిడ దగ్గర అనకు. ముందు నిన్ను కొలుస్తుంది," అన్నాడు ప్రొఫెసరు. కాగితం దగ్గరికి జరుపుకున్నాడు. "రెండు జట్లూ పాసయితే మనం ఫెయిలైనట్టేనమ్మా. మామూలు జట్టు మామూలుగా లేదు. ఎందుకు లేదో కనుక్కో. వాళ్ళు ఎప్పుడొచ్చారు, ఎవరితో వచ్చారు, అక్కణ్ణించి మొదలుపెట్టు."

ఎవరు ఏ రోజు రావాలో చూసే గుమాస్తా కింది అంతస్తులో కిటికీ పక్కన కూర్చుంటాడు. ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళంతా ఆయన్ను బాబాయ్ అంటారు.

"బాబాయ్, మామూలు జట్టు వచ్చేది బుధవారమే కదా?"

"బుధవారమే," అన్నాడు తల ఎత్తకుండా. "నడిచొచ్చేవాళ్ళు."

"నడిచిరాని వాళ్ళు?"

"వ్యాన్ వాళ్ళా? మంగళవారం."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మంగళవారం వ్యాయామం జట్టు కదా బాబాయ్!"

"అందుకేగా! పక్కపక్క ఇళ్ళవాళ్ళమ్మా. ఈవిణ్ణి మంగళవారం తీసుకురా, పక్కింటావిణ్ణి బుధవారం తీసుకురా అంటే వ్యాన్ డ్రైవరు నా ప్రాణం తీసేస్తున్నాడు. అందర్నీ ఒకేసారి తెచ్చి ఒకేసారి దింపితే సరిపోలా? పన్నెండు వారాల్లో ఒక్కళ్ళు మానలేదు. చూశావా?"

ఆయన ముఖం చూస్తే మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

మామూలు జట్టుకు ఆస్పత్రిలో పది నిమిషాల పని. బీపీ చూపించుకోవాలి, ఆ వారం పడ్డారో లేదో చీటీ ఇవ్వాలి. వ్యాయామం క్లాసు గంట.

"మిగతా యాభై నిమిషాలూ ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తారు, వ్యాన్ కోసం కూర్చునేవాళ్ళు. నీ గది ఎదురు బెంచీ మీద. తలుపుకి అద్దం ఉందిగా, అందులోంచి చూసేవాళ్ళు. మూడో వారం నుంచి కూర్చోవడం మానేశారు."

"మానేసి?"

"నిలబడ్డారు," అన్నాడు బాబాయ్. "ఒంటికాలి మీద."

ఫిజియోకు ఆ బెంచీ గుర్తుంది. దాని మీద ఉన్నవాళ్ళు తన జట్టుకు తోడొచ్చిన బంధువులనుకుంది. నేర్పేవాళ్ళు రెండో జట్టు పేర్లు గానీ ముఖాలు గానీ చూడకూడదని నియమం. ఆ నియమం రాసింది తనే. అంత గట్టిగా పాటించింది కాబట్టే మామూలు జట్టు ఎదురుగా కూర్చున్నా పోల్చుకోలేకపోయింది.

తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. అయిదో వారంలో వరండాలో ఒకావిడ గచ్చు గీత వెంట నడుస్తోంది. ఫిజియో తలుపు తీసి, "ముందు మడమ ఆనాలమ్మా, వేళ్ళు కాదు," అని సరిచేసి లోపలికి వెళ్ళింది.

"బాబాయ్, పొడుగ్గా ఉంటారు, కళ్ళజోడుకి గొలుసు..."

"హెడ్మిస్ట్రెస్సమ్మ. మామూలు జట్టు, పదిహేడో నంబరు."

"అయ్యో! నేను కూడా నేర్పాను బాబాయ్."

"తిలా పాపం తలా పిడికెడు," అన్నాడు. అప్పటికి ఆయనకు సంగతి అర్థమయింది. గొంతు తగ్గించాడు. "వ్యాన్ పుస్తకంలో మంగళవారం కొట్టేసి బుధవారం అని రాసేదా?"

"వద్దు బాబాయ్. ఆ పుస్తకమే నాకిప్పుడు దిక్కు."

మధ్యాహ్నం ఆమె మామూలు జట్టును రెండుగా విడదీసి లెక్క వేసింది. బుధవారం నడిచొచ్చినవాళ్ళు పన్నెండు మంది. వాళ్ళ సగటు ఏడు సెకన్లు. మంగళవారం వ్యాన్‌లో వచ్చినవాళ్ళు ఇరవై మంది. వాళ్ళ సగటు పదిహేను.

"పదిహేనా!" అన్నాడు ప్రొఫెసరు. "నువ్వు నేర్పినవాళ్ళు పద్నాలుగు, నువ్వు నేర్పనివాళ్ళు పదిహేను."

"చూసి రమ్మంటే కాల్చి వచ్చారు సార్."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ ఇరవై మందినీ లెక్కలోంచి తీసేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పద్నాలుగు ఒక పక్క, ఏడు ఒక పక్క. శుక్రవారం అరగంటలో ముగిసిపోతుంది. బోర్డు గుమ్మానికి ఎక్కుతుంది.

"నియమం తప్పినవాళ్ళని తీసేశాం అని రాసి తీసేస్తే ఊరుకునేవాళ్ళు చాలామందే ఉంటారు," అన్నాడు ప్రొఫెసరు. "వాళ్ళేమయ్యారని ఎవరైనా అడిగితే?"

"బాగుపడ్డారని చెప్పాలి."

"బాగుపడ్డారు కాబట్టి తీసేశామనీ చెప్పాలి. సిద్ధాంత గ్రంథం నీది. నువ్వే తేల్చుకో."

మంగళవారం నాలుగు గంటలకు ఆమె ఆస్పత్రి వ్యాన్ ఎక్కి ఆ ఇరవై మందీ ఉండే వీధికి వెళ్ళింది. హెడ్మిస్ట్రెస్ ఇల్లు మొదటి అంతస్తులో. మెట్ల మీదికే లెక్క వినిపించింది. "పదకొండు... పన్నెండు... దర్జీ గారూ, గోడ ముట్టుకోకండి, చూస్తున్నాను..."

ముందు గదిలో సోఫా గోడకు జరిపి ఉంది. నేల మీద ఆస్పత్రిలో ఉన్నంత పొడవే టేపు అతికించి ఉంది. ఏడుగురు ఒక్కో కుర్చీ వెనక ఒంటికాలి మీద నిలబడ్డారు. ఫిజియోను చూడగానే ఏడు కాళ్ళూ ఒక్కసారి కిందికి దిగాయి.

మిషను కుట్టి కుట్టి రిటైరైన దర్జీ ముందు తేరుకున్నాడు.

"మేం మామూలుగానే ఉన్నాం అమ్మాయ్," అన్నాడు.

"కనపడుతోంది తాతగారూ."

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసింది. "తప్పు నాదమ్మా. వీళ్ళననకు. నలభై ఏళ్ళు పక్కవాడి పలకలో చూసి రాసిన ప్రతి పిల్లాడి చెవీ మెలేశాను. ఆఖరికి నేనే అద్దంలోంచి చూసి రాశాను. మా పేర్లు కొట్టేస్తారా?"

కొట్టేయాలా వద్దా అన్నది నిన్నటి నుంచి ఫిజియో కూడా ఆలోచిస్తోంది. "ముందు ఏం జరిగిందో చెప్పండి టీచరుగారూ," అంది.

ఇరవై మందీ మూడు పూటలుగా వస్తారు. ఆదివారం సెలవు. అద్దంలోంచి చూసింది సగమే అర్థమవుతుంది కాబట్టి మిగతా సగం పక్కింట్లో ఉన్న వ్యాయామం జట్టువాళ్ళను అడిగేవాళ్ళు. వాళ్ళకు గుర్తులేకపోతే వచ్చే మంగళవారం దాకా ఆగి మళ్ళీ చూసేవాళ్ళు.

"మీ జట్టువాళ్ళు ఇంట్లో చెయ్యరమ్మా," అన్నాడు దర్జీ. "ఆస్పత్రిలో చేశాంగా అంటారు. మాకు నేర్పేవాళ్ళెవరు? దొంగ చదువు కదా, రోజూ చెయ్యకపోతే మర్చిపోతాం."

"ఈయన రోజూ చేసి కూడా గోడ ముట్టుకోకుండా తొమ్మిది దాటడు," అంది హెడ్మిస్ట్రెస్.

"నేల ఎగుడుదిగుడు అక్కయ్యా!"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. అదే నేల మీద మీ ఆవిడ ఇరవై రెండు నిలబడింది."

దర్జీ భార్య కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

"ఇరవై రెండని ఎలా తెలుసు?" అంది ఫిజియో.

హెడ్మిస్ట్రెస్ లోపలికి వెళ్ళి అట్ట వేసిన రిజిస్టరు తెచ్చింది. అరవై రోజుల హాజరు. ప్రతి రోజుకూ తేదీ, ప్రతి పేరుకూ సెకన్లు. తగ్గినచోట ఎర్ర సిరాతో "ఇంకా సాధన కావాలి". చివరి గడిలో "పడినవారు" అని రాసి ఉంది. అరవై రోజులకూ అందులో ఒక్కటే పేరు.

"మంచం మీద కూర్చుని నవ్వుతూ వెనక్కి పడ్డాను," అన్నాడు దర్జీ. "మంచం మీద పడితే పడినట్టా?"

"పడితే పడినట్టే. రాశాను."

ఫిజియో పేజీలు తిప్పింది. నాలుగేళ్ళలో ఆమె సేకరించిన కాగితాల్లో దేనికీ ఇంత శుభ్రంగా గడులు నింపి లేవు. ఒక పేజీలో దర్జీకి మూడు సెకన్లు. పక్కన "జ్వరం. అయినా వచ్చారు" అని ఉంది. ఆమె రిజిస్టరు మూసింది.

"ఎవరి పేరూ కొట్టెయ్యను టీచరుగారూ. కానీ ఇది నాకు శుక్రవారం దాకా కావాలి."

"బయటికి తీసుకెళ్ళాలంటే సంతకం పెట్టాలి," అంది హెడ్మిస్ట్రెస్.

ఆమె సంతకం పెట్టింది.

శుక్రవారం బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు ముందు వరసలో కూర్చున్నాడు. అరవై రెండేళ్ళు. పెద్ద నర్సు వెనక వరసలో కూర్చుంది. ఫిజియో తెర మీద మొదటి వాక్యం పెట్టింది: "అనుకున్న ప్రశ్నకు జవాబు: రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు."

గదిలో కుర్చీలు కదిలాయి. ఆమె ఆగకుండా చెప్పింది. వ్యాన్, మంగళవారం, బెంచీ, అద్దం. అయిదో వారంలో తను సరిచేసిన మడమ కూడా చెప్పింది.

"ఇది పరిశోధనా, పెళ్ళివారి వ్యానా?" అన్నాడు పరీక్షకుడు.

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకుంటే మీ దగ్గర నేర్చుకున్నదానికంటే మేలని మీరు నిరూపించినట్టేనా?"

"లేదు సార్. వ్యాన్ ఎక్కేవాళ్ళూ నడిచొచ్చేవాళ్ళూ ఒకటి కాదు. నేను చీటీలు వేసి విడదీసింది కాదు అది. నాకు ఒక ప్రశ్న దొరికింది, అంతే. దాన్ని సరిగ్గా అడగడానికి ఇంకో అధ్యయనం చెయ్యాలి."

"ఆ ఇరవై మందిని తీసేస్తే మీకు ఫలితం వచ్చేది."

"వచ్చేది సార్. వాళ్ళు లెక్కలోంచి పోయేవాళ్ళు."

పరీక్షకుడు రిజిస్టరు అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. తర్వాత లేచి బూట్లు విప్పాడు.

"బల్ల పట్టుకోవచ్చా?"

"పట్టుకోకూడదు," అంది వెనక వరసలోంచి పెద్ద నర్సు. స్టాప్‌వాచ్ ఆమె జేబులోనే ఉంది.

ఆయన కుడి కాలు ఎత్తాడు. చేతులు రెండు పక్కలకూ చాచాడు. కాలు దిగింది.

"నాలుగు," అంది నర్సు.

"నేల ఎగుడుదిగుడుగా ఉంది," అన్నాడు పరీక్షకుడు.

ఫిజియో నవ్వు ఆపుకోలేకపోయింది. ఎందుకు నవ్వుతోందో ప్రొఫెసరుకు తెలియదు, అయినా ఆయనా నవ్వాడు. పరీక్షకుడు బూట్లు తొడుక్కుని కూర్చుని, అంగీకార పత్రం మీద రెండు వాక్యాలు రాశాడు. గ్రంథం పేరు మార్చాలి. వ్యాన్ గురించి ఒక అధ్యాయం చేర్చాలి. కింద సంతకం పెట్టి, "అభినందనలు డాక్టరుగారూ" అన్నాడు.

కింద వాకిట్లో వ్యాన్ ఆగి ఉంది. "ఖాళీగా ఉందని తెప్పించాను," అన్నాడు బాబాయ్. ఖాళీగా లేదు. అందులో ఎనిమిది మంది ఉన్నారు. ఫిజియో ముఖం చూడగానే దర్జీ కిటికీలోంచి చప్పట్లు కొట్టాడు. హెడ్మిస్ట్రెస్ కిందికి దిగి, "ముందు రిజిస్టరు," అంది.

తెరిచి చూసింది. ఇరవయ్యో పేరు కింద ఇంకొకరి చేతిరాతతో ఇరవై ఒకటో వరస ఉంది. ఎదురుగా నాలుగు సెకన్లు.

"ఈయనెవరు?"

ఫిజియో మెట్ల వైపు చూపించింది. పరీక్షకుడు కమ్మీ పట్టుకుని దిగుతున్నాడు.

హెడ్మిస్ట్రెస్ సంచీలోంచి ఎర్ర సిరా కలం తీసింది. పరీక్షకుడు దగ్గరికి వచ్చి మెడ సాచి చూసేసరికి ఆమె రాయడం పూర్తయింది: "సోమవారం నుంచి రావాలి."